చిన్నతల్లి శుక్రవారాలు

దుర్గాభవానికి నోరెక్కువ. రాజోల్లో ఎవర్నడిగినా ఆ మాటే చెబుతారు, కాకపోతే ఆవిడ వినేటట్టు చెప్పరు. బస్టాండుకి ఎదురుగా, అరటిగెలల కొట్టు పక్కనున్న సెల్ రిపేరు షాపు ఆవిడదే. మొగుడిదీ కాదు, అన్నదమ్ములదీ కాదు. ఫోను విప్పడం, బిగించడం, లోపలి చెత్తంతా దులిపెయ్యడం అన్నీ తనే చేస్తుంది. చేస్తున్నంతసేపూ ఆ ఫోను తెచ్చినవాణ్ణి వాయిస్తూనే ఉంటుంది.

"శుభలేఖ అని ఎవడో పంపితే నొక్కెయ్యడమేనా అండీ? శుభలేఖ ఎక్కడైనా ఫోన్లో ఎక్కించమని అడుగుతుందా? మీ ఇంటికొచ్చిన శుభలేఖ మీ బీరువా తాళాలడిగిందా ఎప్పుడైనా?"

"ఆయ్, లేదండీ," అంటాడు అవతలివాడు తలొంచుకుని.

షాపు గోడకి ఒక అట్టముక్క వేలాడుతూ ఉంటుంది. "వాట్సాప్‌లో వచ్చిన యాప్‌లు ఇక్కడ ఎక్కించబడవు. బతిమాలినా ఎక్కించబడవు." ప్లేస్టోర్‌లో లేని యాప్ నిజంగా అవసరమై ఎవరైనా వస్తే, ఆ కంపెనీ సొంత వెబ్‌సైటుకెళ్ళి అక్కణ్ణుంచే దించుకుంటుంది. ఫైలు అసలుదా కాదా అని కంపెనీవాళ్ళు ఇచ్చిన అంకెలతో సరిచూస్తుంది. ఎక్కించాక, బయటి యాప్‌లు ఎక్కించడానికి ఫోన్లో తెరిచిన అనుమతిని అప్పటికప్పుడే మూసేస్తుంది. నా చేతిమీద ఒక్క ఫోనూ పాడవలేదని గర్వం ఆవిడకి. గర్వపడాల్సిన విషయమే మరి, కాదనడానికి లేదు. అంత జాగ్రత్త మనిషి చేతిమీదే ఆ ఘోరం జరిగింది. జాగ్రత్త వల్లే జరిగింది. అదీ మింగుడుపడని సంగతి.

ఒక మంగళవారం పొద్దున్న పది గంటలకి గంగరాజు వచ్చేడు. ఆయనది పొన్నమండ. కొబ్బరికాయల రాశి దగ్గర, నేలలో పాతిన గునపం మీద కాయ పీచు ఒలిచే పని. భవానికి చుట్టమేం కాదు గానీ బాబాయ్ గారూ అని పిలుస్తుంది, ఆయన అమ్మా అంటాడు. పని మానుకుని పొద్దుటే రాజోలు వచ్చే మనిషి కాడు. ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వచ్చేడు, డాక్టరు దగ్గరికి వచ్చినట్టు.

"యాప్ తెరుచుకోవట్లేదమ్మా. నిన్న సాయంత్రం దాకా బానే ఉంది. పొద్దున్న నొక్కితే ఏదో రాసొస్తోంది. నాకు చదవడం రాదు కదా."

ఏ యాప్ అని భవాని అడగలేదు. ఆయన ఫోన్లో ఆయన వాడేది అదొక్కటే. అందరూ మస్కట్ యాప్ అంటారు. ఆ దేశంలో మామూలుగా మనం మాట్లాడుకునే వాటిల్లో కాల్స్ కలవవు, అందుకని మస్కట్ వెళ్ళినవాళ్ళూ ఇక్కడుండేవాళ్ళూ అది వేయించుకుంటారు. గంగరాజు పెళ్ళాం చిన్నతల్లి మస్కట్లో ఒకరింట్లో వంటకి కుదిరి ఏడేళ్ళు చేసింది. ప్రయాణం ముందురోజు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ ఈ షాపుకే వచ్చేరు. ఇద్దరి ఫోన్లలోనూ ఆ యాప్ వేసింది భవానీయే. మైకు బొమ్మ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుని మాట్లాడాలి, వదిలేస్తే మాట అవతలికి వెళ్ళిపోతుంది అని ఇద్దరికీ నేర్పింది కూడా భవానీయే. చిన్నతల్లికి ముందు అది పట్టుబళ్ళేదు. పక్కనే నిలబడ్డ మొగుడికి, "ఇదిగో, యామిని నాన్నా, నేను మాటాడుతున్నాను, వినపడుతోందా?" అని పంపింది. షాపంతా నవ్వేరు.

ఆ ఇంటి యజమానురాలు వారానికొక్కసారి, శుక్రవారం మధ్యాహ్నం మాత్రం, ఫోను చేతికిచ్చేది. మనిషి తీరిగ్గా కూచుని మాట్లాడడానికి ఉండేది కాదు. అందుకని చిన్నతల్లి వారమంతా మనసులో దాచుకున్నదంతా ముక్కలు ముక్కలుగా మైకులో చెప్పేసి పంపించేది. ఇద్దరికీ రాయడం రాదు, చదవడం రాదు. వాళ్ళ ఉత్తరాలవే. ఏడేళ్ళ శుక్రవారాలు.

అవి ప్రేమ కబుర్లనుకునేరు, కాదు. అన్నీ తిట్లే. "బీపీ మాత్ర వేసుకున్నావా? నిజం చెప్పు. కిందటి వారం నువ్వు పంపినదాంట్లో దగ్గు వినపడింది నాకు." "బొమ్మిడాయిలొచ్చేయంటే కొనేసుకోకు, నువ్వు శుభ్రం చెయ్యవు, ఇసకతోనే వండేస్తావు." "యామిని హాస్టలుకి వెళ్ళేవా? వెళ్ళేనని అబద్ధమాడకు, దాన్నడిగేను." గంగరాజు ఫోను చొక్కాజేబులో పెట్టుకుని, ఒక పక్క కాయలు ఒలుస్తూ, మరో పక్క ఇవి వింటూ ఉండేవాడు. రాశి దగ్గర ఉన్నవాళ్ళందరికీ ఆవిడ గొంతు తెలుసు. "ఏంటి బావా, ఇవాళ అక్షింతలు గట్టిగా పడుతున్నాయి," అని ఏడిపించేవాళ్ళు. ఆయన మురిసిపోయేవాడు.

కిందటేడు చిన్నతల్లి అక్కడే పోయింది. రాత్రి పడుకున్న మనిషి పొద్దున్న లేవలేదు. పెట్టెలో ఇంటికి రావడానికి పంతొమ్మిది రోజులు పట్టింది. దినకార్యాలయ్యేక గంగరాజు మళ్ళీ గునపం దగ్గరికెళ్ళేడు. మర్నాడు జేబులోంచి మళ్ళీ ఆ గొంతే వినపడింది. "ఇదిగో, యామిని నాన్నా, మాత్ర వేసుకున్నావా?" అని. అప్పుడు మాత్రం ఎవరూ ఏడిపించలేదు. కానీ ఆయన నిజంగానే చేతిలో కాయ పక్కన పెట్టి, మాత్ర వేసుకుని, మంచినీళ్ళు తాగొచ్చి మళ్ళీ పనిలో కూచున్నాడు. ఆ ఏడాదిగా ఆయన బతికింది అలాగే, రోజుకో శుక్రవారం పెట్టుకుని.

ఇదంతా భవానికి తెలుసు. తెలిసీ చేసింది.

ఫోను చేతిలోకి తీసుకుని చూసింది. "ఈ వెర్షన్ గడువు అయిపోయింది, అప్‌డేట్ చేసుకోండి" అని రాసుంది. ఓస్, ఇంతేనా అనుకుంది. అప్పటికే షాపులో నలుగురున్నారు. ఒకావిడ పగిలిన స్క్రీను పట్టుకుని గొణుగుతోంది. భవాని ఎప్పట్లాగే కంపెనీ వెబ్‌సైటుకెళ్ళి కొత్త ఫైలు దించింది, అంకెలు సరిచూసింది, అసలుదే. ఎక్కించబోతే ఫోను ఒప్పుకోలేదు. ఇప్పటికే ఉన్న యాప్‌తో ఇది పొసగట్లేదని చెప్పింది.

రెండోసారి ప్రయత్నించింది. అదే మాట.

అప్పుడు వెలిగింది ఆవిడకి. యాప్ తయారుచేసినవాడు దానిమీద తన సంతకం లాంటిదొకటి పెడతాడు. మొదట ఎక్కించింది ఎవరి సంతకంతో ఉందో, తరవాత వచ్చేదీ అదే సంతకంతో రావాలి. లేకపోతే ఫోను లోపలికి రానివ్వదు, ఇంటిపేరు ఒకటే అయినా మొహం కొత్తదని గుమ్మంలోనే ఆపేసినట్టు. ఇది కంపెనీ ఇచ్చిన అసలు యాప్. దీనికీ పాతదానికీ పడలేదంటే, పాతది కంపెనీది కాదన్నమాట. ఎనిమిదేళ్ళ కిందట షాపు పెట్టిన కొత్తలో, మస్కట్ నుంచి సెలవుమీద వచ్చినాయన ఒకడు తన ఫోన్లోంచి భవాని ఫోన్లోకి పంపిన ఫైలది. అప్పట్లో అందరూ అంతే, చేతులు మారుతూ వచ్చింది చేతులు మారుస్తూ ఇచ్చేసేవాళ్ళు. దాన్నే భవాని ఎంతమందికి ఎక్కించిందో లెక్కలేదు. అట్టముక్క రాసి గోడకి కట్టింది ఆ తరవాత్తరవాత.

ఎవడో మధ్యలో విప్పి, ఏదో కలిపి, మళ్ళీ కుట్టేసి వదిలిన యాప్ ఎనిమిదేళ్ళుగా ఈయన జేబులో ఉంది! పెట్టింది ఎవరు? నేనే! సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. ఆ సిగ్గులో తొందర పుట్టింది.

"ఇది మంచిది కాదు బాబాయ్ గారూ. నకిలీది. ఇప్పుడే తీసేసి అసలుది వేసేస్తాను."

గంగరాజు బల్లమీదకి వంగేడు. "తీసేస్తే మాటలు పోవు కదమ్మా?"

"పోవండీ. మీ నంబరు కొడితే అన్నీ వచ్చేస్తాయి."

అలా అనేసింది. ఆ మాట వందమందితో అంది, వందమందికీ నిజమే అయింది, ఎందుకంటే వాళ్ళంతా కాల్స్ మాట్లాడుకునేవాళ్ళు. వాళ్ళకి కావలసింది పేర్లూ నంబర్లూ. అవి వచ్చేసేవి. అవతల స్క్రీనావిడ, "అమ్మా, నా బస్సొచ్చేస్తుంది," అంటోంది. భవాని యాప్ బొమ్మ మీద వేలు పెట్టి నొక్కి పట్టుకుంది. తీసెయ్యమంటారా అని ఫోను అడిగింది. అవునని నొక్కింది. ఆవలించినంత సేపు కూడా పట్టలేదు.

కొత్తది చక్కగా ఎక్కింది. నంబరు కొట్టింది, ఓటీపీ వచ్చింది, తెరుచుకుంది. తెల్లగా ఉంది. "ఇంకా సంభాషణలేవీ లేవు" అని రాసుంది.

మూసి మళ్ళీ తెరిచింది. సెట్టింగుల్లోకి వెళ్ళింది, కంపెనీవాళ్ళ పేజీలోకెళ్ళి వెతికింది. మీ మాటలు మా దగ్గర దాచం, మీ ఫోన్లోనే ఉంటాయి అని గొప్పగా రాసుకున్నారు. యాప్ తీసేస్తే దాంతోపాటే పోతాయి అని దాని కిందే ఉంది.

"ఏదమ్మా?" అన్నాడు గంగరాజు. "మొన్న విన్న శుక్రవారంది పెట్టు చాలు. బొమ్మిడాయిలది."

భవాని ఆ తెల్ల తెరని పైకీ కిందకీ జరిపి చూసింది.

"బాబాయ్ గారూ, పిన్నిగారి ఫోను సామానుతో వచ్చింది కదండీ? పంపిన మాటలు ఆవిడ ఫోన్లోనూ ఉంటాయి. అదెక్కడుంది? ఇప్పుడే తీసుకురండి, లేకపోతే నేనే రానా?"

"అది నీ దగ్గరికే తెచ్చేను కదమ్మా," అన్నాడాయన నెమ్మదిగా. "యామినికి ఇవ్వమంటే నువ్వు బాగుచేసి ఇచ్చేవు."

అవును. బాగుచేసింది. పరాయి దేశంలో ఎవరెవరి చేతులు పడ్డాయో, లోపల ఏముందో, పిల్ల చదువుకునే ఫోను అని చెప్పి, మొత్తం తుడిచేసి, కొత్త ఫోనులా చేసి ఇచ్చింది. అదీ జాగ్రత్తే.

అమలాపురంలో చదువుకుంటున్న యామినికి ఫోను చేసింది. ఏదో పాటల మధ్య, పెళ్ళి వీడియోల మధ్య వాళ్ళమ్మ మాట ఒక్కటైనా దాచుకుని ఉంటుందేమో అని ఆశ. యామిని మొత్తం వింది.

"నా దగ్గరేం లేదక్కా. అమ్మ నాకు రెండు నిముషాలు కాల్ చేసేది. నాన్న దగ్గర అన్నీ ఉన్నాయి కదా, ఎప్పుడైనా వినొచ్చులే అనుకున్నాను." కాసేపు ఏడుపు తప్ప ఏమీ వినపళ్ళేదు. తరవాత, "నాన్నకి చెప్పేవా?" అంది.

"ఎదురుగానే ఉన్నారమ్మా."

"ఏమంటున్నారు?"

భవాని తలెత్తి చూసింది. గంగరాజు బల్లమీద చేతులు పెట్టుకుని, ఖాళీగా ఉన్న ఆ తెల్ల తెరవేపే చూస్తున్నాడు.

ఆ మధ్యాహ్నమే షాపు మూసేసి, ఆ ఫోను పట్టుకుని అమలాపురం బస్సెక్కింది. ప్రేమ్ కుమార్ అని, పోయిన ఫొటోలూ ఫైళ్ళూ తీసిపెట్టడంలో చెయ్యి తిరిగినవాడు, అక్కడ ఉన్నాడు. ఎన్నోసార్లు ఒకరికొకరు పనులు పంపుకున్న పరిచయం. అతను ఫోను తిప్పి చూసేడు, కేబులు పెట్టేడు, గంటన్నర కూచున్నాడు. చివరికి కేబులు పీకేసేడు.

"రాదండీ. ఈ ఫోన్లలో లోపలిదంతా తాళం వేసే దాస్తాయి. యాప్ తీసేసేక ముక్క దొరికినా తెరుచుకోదు. నేను కాదు, ఎవరూ తియ్యలేరు, ఎవరైనా తీస్తామంటే నమ్మకండి." కేబులు చుడుతూ అడిగేడు. "గడువైపోయిందని తెరుచుకోలేదన్నారు కదా. ఫోన్లో తారీఖు నాలుగు రోజులు వెనక్కి తిప్పి చూసేరా?"

"లేదు."

"తెరుచుకునేదేమోనండీ. అప్పుడు ఆ మాటలన్నీ ఒక్కొక్కటీ వేరే ఫోన్లోకి పంపేసుకుని, అన్నీ వచ్చేయని చూసుకుని, అప్పుడు తీసెయ్యాల్సింది. నకిలీదైతే అయ్యింది, ఎనిమిదేళ్ళున్నది ఇంకొక్క రోజు ఉంటే ఏమయ్యేది?"

అతను తప్పు పట్టడానికి అనలేదు, పనివాడు పనివాడితో అన్నట్టే అన్నాడు. కానీ ఆ మాట భవాని గుండెలో దిగబడిపోయింది. ఇంకొక్క రోజు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూచుని, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. ఆయన అడిగేడు, మాటలు పోవు కదమ్మా అని. అడిగేడే! ఆ మాట వినబుద్ధి కాలేదు నాకు. ఊరందరికీ వినమని చెప్పే నోరు నాది, చెవులే లేవు. అలా తనని తనే తిట్టుకుంది, ఎవర్నీ ఎప్పుడూ తిట్టనంతగా.

మర్నాడు ఫోను ఇవ్వడానికి తనే పొన్నమండ వెళ్ళింది. కొబ్బరితోటల మధ్య కాలవగట్టు పక్కన రాశి. ఎనమండుగురు ఒలుస్తున్నారు. సంగతి అప్పటికే అందరికీ తెలుసు. ఎవరూ ఆవిడ మొహంలోకి చూడలేదు. గంగరాజు మాత్రం లేచి, గోనెసంచి దులిపి, "కూచో అమ్మా," అన్నాడు.

కూచోలేదు. నిలబడే చెప్పేసింది. రాదని, ఎవరివల్లా కాదని, తప్పంతా తనదేనని. ఎనిమిదేళ్ళ కిందట ఆ ఫైలు వేసింది తనేనని, పిన్నిగారి ఫోను తుడిచిందీ తనేనని, నిన్న ఆయన అడిగినప్పుడు తనకి తెలియకుండానే మాటలు పోవని చెప్పేసిందని. "నన్ను తిట్టండి బాబాయ్ గారూ. ఒక్క మాట తిట్టండి."

"నిన్నెందుకు తిడతానమ్మా? మాకు మాటాడుకోవడం నేర్పిందే నువ్వు," అన్నాడు. అన్నాక ఆయన కళ్ళు నిండిపోయాయి. "మాటలన్నీ నాకు నోటికొచ్చులే. ఏ శుక్రవారం ఏమందో చెప్పగలను. నిన్న రాత్రంతా చెప్పుకున్నాను కూడా. అన్నీ వచ్చేయి. కానీ నా గొంతుతో వస్తున్నాయమ్మా. ఆవిడ గొంతు రావట్లేదు."

పక్కనున్న ముసలాయన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు.

గంగరాజు ఫోను అందుకున్నాడు. అలవాటు కొద్దీ ఆ యాప్ మీదే నొక్కేడు. నిన్న తెల్లగా ఉన్న తెరమీద ఇవాళ ఫోన్లోని పేర్లు వచ్చి చేరేయి. చిన్నతల్లి ఫొటో పైనే ఉంది, యామిని ఎప్పుడో పెట్టిందది, పసుపు చీరలో. ఫొటో పక్కన ఆకుపచ్చగా ఏదో వెలుగుతోంది.

తెర భవానివేపు తిప్పేడు.

"పచ్చగా ఉందేంటమ్మా? ఆవిడ అక్కడ ఫోను చేతిలోకి తీసుకున్నప్పుడు, పేరు పక్కన ఇలాగే పచ్చగా వెలిగేది. పచ్చగా ఉందంటే, ఇప్పుడు ఉన్నట్టు." చుట్టూ చూసి సిగ్గుపడ్డాడు. "నాకు తెలుసులే. నా చేతులతోనే మట్టేసేను. అయినా ఏం రాసుందో చదివి చెప్పమ్మా."

భవాని చదివింది, మనసులో. ఏదో ఒక అబద్ధం చెప్పేస్తే పోయేది, ఆయనకి చదవడం రాదు. కానీ ఆయనతో చూడకుండా ఒక మాట చెప్పేసిన ఫలితం కళ్ళెదురుగానే ఉంది. ఉన్నది ఉన్నట్టు పైకి చదివింది.

"చిన్నతల్లి ఈ యాప్‌లో లేరు. రమ్మని పిలవండి."

గంగరాజు చాలాసేపు ఆ ఫొటోవేపు చూసేడు. చెయ్యి లుంగీకి తుడుచుకుని, ఆ పచ్చటిదాని మీద వేలు పెట్టి నొక్కేడు. పీచుకి అరిగి మొద్దుబారిపోయిన వేలు, తెర పట్టించుకోలేదు. మళ్ళీ నొక్కేడు. మళ్ళీ.

"నాది తీసుకోవట్లేదమ్మా," అన్నాడు. "నువ్వు నొక్కు."

"ఆవిడ రారు బాబాయ్ గారూ."

"రాదని తెలుసమ్మా. పిలవమంటోంది కదా, పిలు."

భవాని నొక్కింది. మెసేజి వెళ్ళిపోయింది. గంగరాజు ఫోను జేబులో పెట్టుకుని, గునపం దగ్గరికెళ్ళి కూచుని కాయ చేతిలోకి తీసుకున్నాడు. ఒలవలేదు, అలా పట్టుకునే ఉండిపోయాడు. దుర్గాభవాని ఆ రాశి పక్కన, అంతమంది చూస్తుండగా, నోరంతా తెరిచి బావురుమంది.